ఆల్ఫా నెత్తిన గీత

గ్రీకులో 'పోతె' అంటే 'ఎప్పుడు?' అని. 'పొతే' అంటే 'ఎన్నడూ' అని. రెండు మాటల్లోనూ అవే నాలుగు అక్షరాలు, అదే వరుస. ఊనిక ఏ అచ్చు మీద పడిందన్నదొక్కటే తేడా. ఇలాంటి జంటలు ఆ భాషలో కొల్లలు. 'నోమొస్' చట్టం, 'నొమోస్' జిల్లాలాంటి పాలనా విభాగం. 'ఓమొస్' భుజం, 'ఒమోస్' ఉడకని పచ్చిది. తెలుగులో రాస్తున్నాం కాబట్టి ఇక్కడ ఊనికను దీర్ఘంతో చూపించాల్సి వచ్చింది. నేటి గ్రీకు లిపిలో ఆ పని చేసేది అచ్చు నెత్తిన కుడివైపుకు లేచే ఓ చిన్న గీత. దాన్ని టోనోస్ అంటారు.

కాగితం మీద దాంతో ఏ ఇబ్బందీ లేదు. కలం విదిలిస్తే గీత పడుతుంది, చదివేవాడికి అర్థమవుతుంది. కంప్యూటరులోకి వచ్చేసరికి కథ మారింది. చూపుకు ఒకటిగా కనబడే ఈ గీతను యంత్రం ఇప్పటికీ ఒకటికి మించిన రకాలుగా దాచుకుంటోంది. అందులో ప్రతి రకం వెనుకా ఒక చరిత్ర ఉంది.

ఆ చరిత్ర అలెగ్జాండ్రియా గ్రంథాలయం దగ్గర మొదలవుతుంది. క్రీస్తుకు పూర్వం 200 ప్రాంతంలో దానికి అధిపతిగా ఉన్న బైజాంటియం వాసి అరిస్టోఫనీస్ ఈ గుర్తులను ఏర్పరిచాడని సంప్రదాయం చెబుతుంది. అప్పటి గ్రీకులో ఉన్నది ఊనిక కాదు, స్వరం. గొంతు పైకి లేచే చోట 'ఒక్సియా', దిగే చోట 'వరియా', లేచి దిగే చోట 'పెరిస్పొమెని' అని మూడు గుర్తులు. మాట మొదటి అచ్చుకు ముందు హకారం పలుకుతుందో లేదో చెప్పడానికి ఇంకో రెండు, వీటినే శ్వాస గుర్తులంటారు. ఈటా, ఒమేగా, ఆల్ఫాల కింద వేలాడే బుల్లి అయోటా వీటికి అదనం.

వేదపాఠం విన్న తెలుగువారికి ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అని మనం చెప్పుకునేవీ గొంతు ఎత్తుపల్లాలే. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. వేదాల సంస్కృతానిదీ గ్రీకుదీ ఒకే మూలం. తండ్రిని సంస్కృతంలో 'పితా' అన్నారు, ప్రాచీన గ్రీకులో 'పతేర్' అన్నారు. రెండింటిలోనూ స్వరం చివరి అక్షరం మీదే లేస్తుంది. తెలుగు లిపిలో అచ్చయిన వేద పుస్తకాల్లో అక్షరాల పైనా కిందా కనిపించే గీతలు చేసే పని, హోమర్ కావ్యాల్లో ఈ గుర్తులు చేసే పని ఒక్కటే.

కాలం గడిచింది. గ్రీకులో స్వరం పోయి ఊనిక మిగిలింది, హకారం మాయమైంది. పలుకులో లేని తేడాలను రాతలో మాత్రం మోస్తూ వచ్చారు. ఒక అచ్చు మీద ఒక్సియా పెట్టాలో పెరిస్పొమెని పెట్టాలో తెలుసుకోవడానికి బడిపిల్లలు ఏళ్ల తరబడి సూత్రాలు బట్టీపట్టేవారు. 1981 అక్టోబరులో ఆండ్రియాస్ పపాండ్రూ నాయకత్వంలో సోషలిస్టులు అధికారంలోకి వచ్చారు. మరుసటి ఏడాది జనవరిలోనే పార్లమెంటు దీనికి స్వస్తి చెప్పింది. 1982 నాటి 297వ అధ్యక్ష శాసనంతో కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. ఒకటికి మించి అక్షరాంశాలున్న ప్రతి మాటకూ ఒకే గుర్తు, అదే టోనోస్. ఏకాక్షర పదాలకు అదీ అక్కర్లేదు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. పాత పద్ధతికి 'పొలిటొనిక్' అనీ, కొత్తదానికి 'మొనొటొనిక్' అనీ పేర్లు స్థిరపడ్డాయి. పాతదాన్ని వదలని వారు నేటికీ ఉన్నారు. ఏథెన్స్ దినపత్రిక 'ఎస్తియా' ఇప్పటికీ అన్ని గుర్తులతోనే వస్తుంది.

అంత పెద్ద మార్పు జరుగుతున్నప్పుడే గ్రీసు ఆఫీసుల్లోకి కంప్యూటర్లు అడుగుపెడుతున్నాయి. కంప్యూటరుకు అక్షరమంటే ఒక సంఖ్య. ఏ సంఖ్య ఏ అక్షరానిదో చెప్పే పట్టిక అందరికీ ఒకటిగా ఉండాలి. గ్రీసు ప్రమాణాల సంస్థ 1986లో 'ఎలోట్ 928' పేరుతో అలాంటి పట్టిక ఇచ్చింది. మరుసటి ఏడాది అదే 'ఐఎస్ఓ 8859-7' అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. మొత్తం 256 గళ్లలో సగం రోమన్ అక్షరాలకే పోతాయి. మిగిలిన సగంలో గ్రీకు అంతా ఇమడాలి. టోనోస్ ఉన్న అచ్చులు ఏడు, వాటి పెద్దక్షరాలు ఏడు, ఇంకొన్ని జోడింపులు ఇమిడాయి. పొలిటొనిక్ గుర్తుల కలయికలు రెండు వందల పైమాటే. వాటికి చోటు ఎక్కడిది? నాలుగేళ్ల ముందు సంస్కరణ జరగకపోయి ఉంటే గ్రీకు కంప్యూటర్ల తొలి దశ ఎంత చిక్కుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

పండితులు మాత్రం ఆ పట్టిక కోసం ఆగలేదు. 1972లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో 'థెసారస్ లింగ్వే గ్రేకే' మొదలైంది. హోమర్ నుంచి బైజాంటియం పతనం వరకు గ్రీకు వాఙ్మయమంతటినీ యంత్రంలోకి ఎక్కించడం దాని సంకల్పం. అప్పటి యంత్రాల్లో గ్రీకు అక్షరాలే లేవు. దాంతో డేవిడ్ ప్యాకర్డ్ రూపొందించిన 'బీటా కోడ్' వాడారు. అక్షరాలు రోమన్‌లో, గుర్తులు అక్షరం పక్కన కీబోర్డు చిహ్నాలతో. ఒక్సియాకు కుడికి వాలిన గీత, వరియాకు ఎడమకు వాలిన గీత, పెరిస్పొమెనికి సమాన చిహ్నం, శ్వాస గుర్తులకు బ్రాకెట్లు. 'మనిషి' అనే అర్థమున్న 'అంథ్రోపొస్' మాటలో మొదటి ఆల్ఫా మీద రెండు గుర్తులుంటాయి. బీటా కోడ్‌లో రోమన్ 'ఎ' వెనకే ఒక ముగింపు బ్రాకెట్టు, ఒక వాలు గీత కనిపిస్తాయి. చూడ్డానికి ముళ్లకంపలా ఉన్నా, అక్షరాన్నీ గుర్తునూ విడివిడిగా దాచుకోవాలన్న ఆలోచన అందులో ఉంది. అది తర్వాత ఎంతో దూరం వెళ్లింది.

ఈలోగా మైక్రోసాఫ్ట్ తన విండోస్ కోసం '1253' అనే సొంత గ్రీకు పట్టిక తయారుచేసుకుంది. అది అంతర్జాతీయ పట్టికతో దాదాపు సరిపోతుంది. ఈ 'దాదాపు' దగ్గరే వచ్చింది చిక్కు. టోనోస్ ఉన్న పెద్ద ఆల్ఫా అంతర్జాతీయ పట్టికలో 182వ గడిలో ఉంటే విండోస్‌లో 162వ గడిలో ఉంది. విండోస్ 182వ గడిని పేరాగ్రాఫు చిహ్నానికి ఇచ్చింది. ఈకారం, ఓకారం వంటి మిగతా ఊనిక అచ్చుల గళ్లు మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఒక పట్టిక ప్రకారం రాసిన పేజీని మరో పట్టిక ప్రకారం చదివితే మొత్తం పాఠం చక్కగానే కనిపిస్తుంది, ఆ ఒక్క అక్షరం తప్ప. 'ఆన్నా' అనే అమ్మాయి పేరు మొదట్లో అక్షరానికి బదులు పేరాగ్రాఫు చిహ్నం ప్రత్యక్షమయ్యేది. అటుది ఇటైతే ఆల్ఫా పోయి ఒక కొటేషన్ గుర్తు మిగిలేది. పేజీ అంతా చెడితే ఎవరైనా వెంటనే పట్టుకుంటారు. ఒక్క అక్షరం చెడితే అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇన్ని పట్టికల గోల తీర్చడానికి వచ్చినదే యూనికోడ్. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టిక. పాత పట్టికల్లో ఉన్న పాఠం నష్టపోకుండా ఇందులోకి మారాలి కాబట్టి అది పాతవాటి అమరికనే తీసుకుంది. గ్రీకు విభాగం 8859-7 వరుసనే అనుసరిస్తుంది. తెలుగు విభాగం కూడా ఇలాగే భారత ప్రభుత్వ 'ఇస్కీ' పట్టిక వరుస మీద కట్టినదే. 1993లో వచ్చిన 1.1 సంచికలో పొలిటొనిక్ అక్షరాలకు వేరే విభాగం కేటాయించారు. గుర్తులతో సహా అచ్చుపోసిన అక్షరాలు అందులో 233 ఉన్నాయి.

అసలు కథ ఇక్కడే. ఆల్ఫా మీద టోనోస్ మొదటి విభాగంలో ఉంది. దాని సంఖ్య 03ఏసీ. ఆల్ఫా మీద ఒక్సియా రెండో విభాగంలో ఉంది. దాని సంఖ్య 1ఎఫ్71. ఈ సంఖ్యలు పదహారు ఆధారంగా లెక్కించేవి కాబట్టి మధ్యలో రోమన్ అక్షరాలూ వస్తాయి. ఇవి చాలవన్నట్టు మూడో దారి ఒకటుంది. ఉత్త ఆల్ఫా, 03బీ1, రాసి దాని వెనక 0301 అనే సంయోజక గుర్తు పెట్టడం. ఆ 0301 గ్రీకు సొత్తు కాదు. స్పానిష్, చెక్, వియత్నామీస్ పాఠాల్లోనూ అదే గుర్తు పనిచేస్తుంది. అది తనకు ముందున్న అక్షరం మీదికి ఎక్కి కూర్చుంటుంది.

తెర మీద మూడూ ఒకే బొమ్మ. లోపల యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే మొదటిది 2 బైట్లు, రెండోది 3 బైట్లు, మూడోది 4 బైట్లు. ఒకే ఇంటికి మూడు డోరు నంబర్లు వేసినట్టు. పోస్ట్‌మ్యాన్ మనిషైతే వాకబు చేసుకుంటాడు. యంత్రం నంబరు కలవకపోతే ఇల్లు లేదంటుంది. మరీయా అనే పేరును కీబోర్డు మీద కొట్టి వెతికితే, జాబితాలో ఆ పేరు విడి గుర్తుతో ఉన్నప్పుడు 'దొరకలేదు' అని వస్తుంది. మనిషి కళ్లెదుట పేరు కనిపిస్తూనే ఉంటుంది.

మరి ఒక్సియా, టోనోస్ నిజంగా వేరువేరా? నేటి గ్రీకులో కావు. ఆ నిర్ణయానికి వచ్చాక యూనికోడ్ రెండింటినీ సమానమని ప్రకటించింది. అయితే ఒకసారి ఇచ్చిన సంఖ్యను అది వెనక్కి తీసుకోదు. ఆ సంఖ్యతో ఎక్కడో ఎవరో పాఠం దాచుకుని ఉంటారు కాబట్టి ఆ కట్టుబాటు సరైనదే. పట్టికలో నకళ్లు అలాగే ఉంచి, పాఠాన్ని ఒక రూపానికి తెచ్చే సూత్రాలు ఇచ్చింది. దీన్నే నార్మలైజేషన్ అంటారు. 'ఎన్ఎఫ్‌సీ' అనే రూపంలో మూడూ 03ఏసీగా మారతాయి. 'ఎన్ఎఫ్‌డీ' రూపంలో మూడూ ఆల్ఫా, విడి గుర్తుగా చీలతాయి. ఏ రూపం అన్నది తర్వాతి మాట. పోల్చే రెండు వైపులా ఒకటే ఉండాలి.

చీల్చే రూపంతో ఇంకో లాభముంది. గుర్తులన్నీ విడిపోయాక వాటిని పక్కకు తీసేస్తే మిగిలేవి ఉత్త అక్షరాలే. గ్రీకు వాడుకరులు వెతికేటప్పుడు చాలాసార్లు టోనోస్ కొట్టరు. మంచి వెతుకుడు యంత్రం గుర్తులు తీసేసిన రూపాన్ని కూడా దాచుకుని రెండు రకాల ప్రశ్నలకూ జవాబిస్తుంది. బీటా కోడ్ రోజుల ఆలోచనే ఇది.

ఫాంటుల్లో ఓ అన్యాయం మాత్రం చాలాకాలం నడిచింది. టోనోస్ అంటే కొత్త గుర్తు కదా అని కొందరు రూపకర్తలు దాన్ని నిట్టనిలువు గీతగానో, చిన్న త్రికోణంగానో గీశారు. ఒక్సియాను యథాప్రకారం వాలుగా గీశారు. ప్రాచీన గ్రీకు పాఠాన్ని ఎన్ఎఫ్‌సీలోకి మారిస్తే ఒంటరి ఒక్సియాలన్నీ టోనోస్‌లవుతాయి. శ్వాస గుర్తుతో కలిసి ఉన్నవి అలాగే ఉండిపోతాయి. అలాంటి ఫాంటులో ప్లేటో వాక్యం చూస్తే ఒక మాట మీద గీత నిలువుగా, పక్క మాట మీద వాలుగా! తప్పు పాఠానిది కాదు, సూత్రానిదీ కాదు. ఈ సంగతి తెలిసిన రూపకర్తలు ఇప్పుడు రెండింటికీ ఒకే వాలు ఇస్తున్నారు.

టోనోస్ కొట్టడం సులువే. గ్రీకు కీబోర్డులో రోమన్ 'ఎల్' స్థానానికి కుడిపక్క మీట దానిది. అది నొక్కితే తెర మీద ఏమీ రాదు. తర్వాత అచ్చు నొక్కితే రెండూ కలిసి దిగుతాయి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే 'డయలిటికా' అనే రెండు చుక్కలు వస్తాయి. పక్కపక్కనున్న రెండు అచ్చులను కలిపి చదవొద్దని చెప్పడం ఆ చుక్కల పని.

ఈ చుక్కలకూ టోనోస్‌కూ ఉన్న లంకె పెద్దక్షరాల దగ్గర బయటపడుతుంది. గ్రీకులో మాటంతా పెద్దక్షరాల్లో రాస్తే టోనోస్ పెట్టరు. శీర్షికలు, దుకాణాల బోర్డులు, రోడ్డు బోర్డులు అన్నీ అంతే. మాటలో మొదటి అక్షరం ఒక్కటే పెద్దదైతే మాత్రం ఉంచుతారు. యంత్రం ఉత్త అక్షర పట్టిక చూసి చిన్నవాటిని పెద్దవి చేస్తే గీతలన్నీ నిలిచిపోయి, చదువురాని వాడు రాసిన బోర్డులా తయారవుతుంది. పోనీ గీతలన్నీ కోసేద్దామా అంటే మే నెల పేరు 'మాయొస్' అడ్డం వస్తుంది. అందులో ఆల్ఫా, అయోటా పక్కపక్కన ఉన్నాయి. ఆల్ఫా మీది టోనోస్ వల్లే రెండింటినీ విడిగా చదవాలని తెలుస్తోంది. ఆ గీత తీసేస్తే ఆ జంటను 'ఎ' అని చదవాలి. మే నెల మరేదో అయిపోతుంది. అందుకని గీత తీసేసేటప్పుడు అయోటా మీద రెండు చుక్కలు కొత్తగా పెట్టాలి. ఇంకో మినహాయింపు 'లేదా' అనే అర్థమిచ్చే ఒంటి ఈటా. 'పురుషుడు లేదా స్త్రీ' అని దరఖాస్తులో పెద్దక్షరాల్లో అచ్చువేసినా దాని మీద టోనోస్ ఉండి తీరాలి. లేకపోతే అది స్త్రీలింగ నామానికి ముందొచ్చే చిన్న మాటగా మారిపోతుంది.

ఈ నియమాలన్నీ ఇప్పుడు బ్రౌజర్లకు తెలుసు. వాటిని అమలు చేయాలంటే ఆ పేజీ భాష గ్రీకు అని పేజీ కట్టినవారు చెప్పాలి. ఆ ఒక్క ముక్క మరిచిపోవడం వల్లే నేటికీ గీతలు మొలిచిన పెద్దక్షరాలు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. రికార్డుల్లో పెద్దక్షరాల్లో ఉన్న పేర్లను చిన్నక్షరాల్లోకి మార్చాలంటే పోయిన ఊనికను నిఘంటువు సాయం లేకుండా రప్పించలేం. పెద్దక్షరాల్లో 'చట్టం', 'జిల్లా' రెండూ ఒకటే మాట.

అకారాది వరుస దగ్గర కూడా టోనోస్ ఇలాంటి పేచీయే పెడుతుంది. పాత పట్టికలో ఖాళీ ఉన్న చోట్ల ఊనిక అచ్చులను సర్దారు కదా, ఆ వరుసే యూనికోడ్‌కూ వచ్చింది. ఊనిక ఉన్న పెద్దక్షరాలన్నీ ఉత్త ఆల్ఫా కంటే ముందున్నాయి. సంఖ్యల ప్రకారం పేర్లు సర్దితే ఓకారంతో మొదలయ్యే ఓల్గా, ఆల్ఫాతో మొదలయ్యే అలెగ్జాండ్రోస్ కంటే ముందొస్తుంది. నిఘంటువు పద్ధతి అది కాదు. మొదట గుర్తులు పట్టించుకోకుండా అక్షరాలు చూడాలి, అవి సమానమైతేనే గుర్తులు చూడాలి. యూనికోడ్ ఇచ్చిన వరుస సూత్రం సరిగ్గా అలాగే చేస్తుంది. దాన్ని వాడుకోవడమే ప్రోగ్రామరు పని.

ఫోను సందేశాల్లో మరో వింత ఉంది. ఎస్ఎమ్ఎస్‌ల మూల పట్టికలో గ్రీకు పెద్దక్షరాలు పదే ఉన్నాయి: గామా, డెల్టా, తీటా, లామ్డా, క్సై, పై, సిగ్మా, ఫై, ప్సై, ఒమేగా. మిగతావి రోమన్ అక్షరాల్లా కనిపిస్తాయి కాబట్టి రోమన్‌వే వాడుకోవాలి. పెద్దక్షరాల్లో, గీతలు లేకుండా రాస్తే ఒక సందేశంలో 160 అక్షరాలు పడతాయి. మధ్యలో ఒక్క చిన్న ఆల్ఫా మీద టోనోస్ పెట్టినా సందేశమంతా యూనికోడ్‌లోకి మారి హద్దు 70కి పడిపోతుంది. తెలుగులో ఎస్ఎమ్ఎస్ పంపినా మామూలుగా తగిలేది ఈ 70 హద్దే. ఖర్చు తగ్గుతుందంటే ఎవరైనా గీతలు వదిలేస్తారు. భాషకు అది చేసే చేటు చిన్నదేమీ కాదు. ఎప్పుడో, ఎన్నడూ కాదో చెప్పే గుర్తును డబ్బుల కోసం వదులుకోవాల్సి రావడం ఏ భాషకైనా బాధే.

తెలుగు ఈ సమస్యకు బయట ఉందనుకుంటే పొరపాటు. మన గుణింతంలో ఐత్వానికి యూనికోడ్‌లో 0సి48 అనే సొంత సంఖ్య ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం 0సి46, దాని కిందికి దిగే తోక 0సి56 అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే. అంటే 'కై' అనే అక్షరం ఒక చోట 6 బైట్లు, మరో చోట 9 బైట్లు. తెర మీద తేడా ఉండదు. తెలుగు అచ్చుల గుర్తులన్నిటిలో ఇలా రెండుగా చీలేది ఇదొక్కటే. అందుకే ఇది పరీక్షల్లో దొరక్కుండా జారిపోతుంది. 'శైలజ', 'వైదేహి' పేర్లున్న జాబితాలో ఎవరో ఒకరు కనిపించకుండా పోయినప్పుడు ముందుగా చూడాల్సింది ఆ ఐత్వం ఏ రూపంలో ఉందన్నదే. ఏథెన్స్‌లో మరీయాను వెతకడానికి పనికొచ్చే నార్మలైజేషన్ సూత్రమే ఇక్కడా మందు. జావాస్క్రిప్ట్, పైథాన్, జావాల్లో అది సిద్ధంగానే ఉంది. పేరును జాబితాలోకి తీసుకునేటప్పుడు ఒకసారి, వెతికేటప్పుడు మరోసారి పిలిస్తే చాలు.